బండిలో ఒక ముక్క నీ జేబులో ఉండాలి

పర్లాకిమిడి,
ఆదివారం

చిరంజీవి శ్రీనుకి,

మావయ్య ఆశీస్సులు. నీ జీపు ఫొటోలు అత్తయ్య ఫోనులో చూశాను. ఎర్ర థార్, బాగుంది. విశాఖపట్నంలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నావట. వారమంతా రాయగడలో ఇంటి ముందు నిలబెట్టి, ఆదివారం వస్తే దేవమాలి కొండకో దుడుమ జలపాతానికో తీస్తావట. మీ అమ్మే చెప్పింది. తలుపు తాళం తప్ప దానికి ఇంకేం వెయ్యవని కూడా చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

ముందు నా భాగోతం విను. నువ్వు పుట్టకముందు నా దగ్గర మిలటరీ వేలంలో కొన్న పాత జీపు ఉండేది. దానికి తాళం చెవే లేదు. మీట ఎత్తితే కరెంటు, కాలితో స్టార్టరు తొక్కితే ఇంజను. ఎవడైనా ఎక్కి తోలుకుపోవచ్చు. అందుకని ఎక్కడ ఆపినా బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలి రోటరు పీకి చొక్కా జేబులో వేసుకునేవాణ్ణి. వక్కంత ముక్క. అది లేకపోతే ప్లగ్గులకి కరెంటు అందదు, తలకిందులైనా బండి కదలదు. అలా ఏళ్ల తరబడి కాపాడుకున్నాను. ఒకసారి సరిహద్దు అవతల, ఆంధ్రాలో, అమ్మవారి జాతరకి వెళ్లాం. మీ అత్తయ్య తొందర పెట్టింది, కొబ్బరికాయ కొట్టి వచ్చేయడమే కదా అని రోటరు తీయలేదు. వచ్చేసరికి జీపు లేదు.

అక్కడి స్టేషనుకి వెళ్తే ‘ఒరిస్సా బండి, ఒరిస్సాలో చెప్పుకో’ అన్నారు. ఇటు వస్తే ‘ఆంధ్రాలో పోయింది, మాకేం సంబంధం’ అన్నారు. రెండు రోజులు అటూ ఇటూ తిరిగాను. మూడో రోజు మామిడితోట పక్కన దొరికింది, పెట్రోలు అయిపోయి. నా పెట్రోలు ముల్లు ఎప్పుడో చచ్చింది, అది దొంగకి తెలియదు పాపం.

ఈ కథంతా ఎందుకంటే, మనం ఉండేది సరిహద్దులో. పర్లాకిమిడిలో దొంగిలిస్తే టీ చల్లారేలోగా పాతపట్నం. మీ రాయగడలో అయితే కూనేరు దాటి పార్వతీపురం. అవతల భాష వేరు, పోలీసులు వేరు. కాబట్టి దొంగకి బండి దగ్గరే ఆలస్యం చెయ్యాలి. వాడికి భయం తాళమంటే కాదు, టైమంటే.

నీ బండి తాళం చెవి పిడిలో చిప్పు ఉంటుంది. అది బండి కంప్యూటరుకి తెలిసిన చిప్పు కాకపోతే ఇంజను అందుకోదు. మంచిదే. కానీ నీది సెకండ్‌హ్యాండ్. పాత ఓనరు రెండు చెవులూ ఇచ్చాడా? రెండిచ్చినా మూడోది లేదని నమ్మకమేమిటి? షోరూముకి తీసుకెళ్లి పాత చెవులన్నీ కంప్యూటరులోంచి చెరిపించి, నీ చేతిలో ఉన్నవే మళ్లీ ఎక్కించమను. వాళ్ల దగ్గర స్కానరు ఉంటుంది. ఈ పని ఈ వారమే చెయ్యి, మిగతావి తర్వాత.

ఇక నా రోటరుకి ఈ కాలపు తమ్ముడు పెట్రోలు పంపు ఫ్యూజు. నీది పెట్రోలు ఇంజనే గనక చెల్లుతుంది. ఫ్యూజుల పెట్టె మూత మీద ఏది దేనిదో బొమ్మ ఉంటుంది. అది పీకి జేబులో వేసుకుంటే, పైపులో మిగిలిన పెట్రోలుతో ఒకసారి దగ్గి ఆగిపోతుంది. వైరు కొయ్యక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. సోమవారం నుంచి శనివారం దాకా ఆ ఫ్యూజు నీ పర్సులో ఉండాలి. దాంతోపాటు గేరు లాక్ బిగించు, బయటికి కనబడేలా స్టీరింగుకి ఇనప రాడ్ వెయ్యి. రాడ్‌ని కోసెయ్యొచ్చు, నిజమే. కానీ కోసేవాడు చప్పుడు చెయ్యాలి.

కదలకుండా పడున్న బండి మీద దుమ్ము ఉంటుంది చూశావూ, అదే వాడికి కబురు. టైరు కింద ఎండుటాకులు పేరుకుంటే ఈ బండి జోలికి ఎవరూ రావట్లేదని అర్థం. మధ్యలో ఒక సాయంత్రం నాలుగు వీధులు తిప్పు, బ్యాటరీకీ మంచిది. మూతి గోడ వైపు పెట్టి, చక్రాలు ఒక పక్కకి తిప్పి ఆపు. తాడు కట్టి లాక్కెళ్లడానికి అదో అడ్డు. ఎదురుగా టీ కొట్టు ఉంటే ఆ మౌసాతో మంచిగా ఉండు. రాత్రి పదింటికి ఎవడో బానెట్ ఎత్తితే ముందు చూసేది వాడే.

వెనక తలుపుకి వేలాడే స్టెప్నీకి ప్రత్యేకం తాళం నట్టు వేయించు. బండి కంటే ముందు అది పోతుంది.

జీపీఎస్ ట్రాకరు పెట్టించుకుంటానన్నావు. పెట్టించు, కాని అందరూ పెట్టించే డాష్‌బోర్డు కింద వద్దు, దొంగ ముందు చెయ్యి పెట్టేది అక్కడే. లోపల సొంత బ్యాటరీ ఉన్నది తీసుకో, బండి బ్యాటరీ వైరు లాగేసినా కాసేపు పలుకుతుంది. మన ఘాట్లలో సిగ్నలు ఉండదు, కొండ దిగాకే చెబుతుంది. దానిలో సిమ్ము రీచార్జి మర్చిపోయావంటే అది ట్రాకరు కాదు, తాయెత్తు.

జలపాతం దగ్గర స్నానానికి దిగేవాళ్లు తాళం చెవి విప్పిన బట్టల మీద పెడతారు. నువ్వు అలా చెయ్యకు. దేవమాలి మీద గుడారం వేసినా అంతే, చెవి నీ ఒంటి మీదే ఉండాలి. ‘కొండ మీద మూడు రోజులు’ అని వాట్సాప్ స్టేటస్ పెట్టడం ఇంటికొచ్చాక కూడా చెయ్యొచ్చు.

ఇప్పుడు కాగితాల సంగతి. కుర్రాళ్లు ఇక్కడే మునుగుతారు. బండి ఇంకా ఆంధ్రా నంబరు మీదే ఉంది కదా. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, కావాలి. అది సరే, ఇన్సూరెన్సు ఎవరి పేరున ఉంది? కొన్న 14 రోజుల్లో మార్పించుకోమని చట్టం. మార్చకపోతే ఎదుటివాళ్లకి తగిలిన దెబ్బ వరకే పాత పాలసీ పలుకుతుంది, నీ బండి దొంగతనం మాట అడక్కు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే దొంగతనానికి అసలే రాదు. నువ్వు బిగించిన లైట్లు, మ్యూజిక్ సెట్టు పాలసీలో విడిగా రాయించు, లేకపోతే లెక్కలోకి రావు. నాలుగొందలు మిగులుతాయని ఐడీవీ, అంటే పాలసీలో బండికి రాసే విలువ, తగ్గించుకోకు, బండి పోతే చేతికొచ్చేది ఆ అంకెను బట్టే. క్లెయిము దగ్గర రెండు తాళం చెవులూ అడుగుతారు, ఒకటి లేకపోతే సవాలక్ష ప్రశ్నలు. అసలు కాగితాలు బండిలో పెట్టకు, డిజిలాకరులో చూపిస్తే చాలు.

దేవుడి దయవల్ల జరగకూడదు, జరిగితే మాత్రం మొదటి గంట వెతుకులాటకి పోగొట్టకు. 112కి ఫోన్ చెయ్యి, దగ్గర్లో ఏ స్టేషనుంటే అందులో దూరు. నా రోజులు కావు. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షను ఉంది, ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఎఫ్ఐఆర్ రాయాలి. జీరో ఎఫ్ఐఆర్ అని అడుగు. ఫోనులోంచి పంపినా తీసుకోవాలి, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఛాసిస్ నంబరు, 17 అక్షరాలు, ఇప్పుడే ఫొటో తీసి దాచుకో, ఆ కంగారులో ఎవడికి గుర్తుంటుంది. ఇన్సూరెన్సువాళ్లకీ ఆ రోజే చెప్పు. ఎఫ్ఐఆర్ వెంటనే ఇచ్చి ఉంటే, కంపెనీకి చెప్పడం ఆలస్యమైందన్న ఒక్క సాకుతో క్లెయిము కొట్టెయ్యకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ సాకు మనమెందుకు ఇవ్వాలి. ఆర్టీవోకి కూడా ఒక కాగితం రాసెయ్యి, పేరు మార్పిడి జరక్కుండా.

అన్నట్టు, కంగారులో ఫాస్టాగ్ ఆపించెయ్యకు. అందులో డబ్బులుండనీ. దొంగ పదహారో నంబరు హైవే ఎక్కి ఇచ్చాపురం దగ్గర బెల్లుపడలోనో, ఇటు మడపాంలోనో టోలు దాటాడంటే నీ ఫోనుకి మెసేజి వస్తుంది. ఎటు పోతున్నాడో వాడి చేతే చెప్పించుకోవచ్చు. ఆ మెసేజి వెంటనే పోలీసులకి చూపించు.

రథయాత్రకి ఎలాగూ వస్తావు కదా, రెండో తాళం చెవి పట్టుకురా, మా బీరువాలో పెడతాను. ఆ పాత రోటరు కూడా అందులోనే ఉంది, అత్తయ్య దాన్ని పారెయ్యమంటోంది.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మావయ్య