పేడలో గుడ్లు లేవన్నారు, అయినా కార్జపు జలగ ఉండవచ్చా?

మేత బాగానే తింటున్నా ఆవు చిక్కిపోతోందని, పేడ పరీక్షలో ఏమీ కనబడలేదని, అయినా కార్జపు జలగ (కాలేయంలో బతికే ఆకులాంటి పరాన్నజీవి) ఉండే వీలుందా అని అడిగారు. తప్పకుండా ఉంది. అలాంటి ఫలితాన్నే నమ్మి నేనొక ఆవును పోగొట్టుకున్నాను.

దానికి మొదట పాలు తగ్గాయి. తర్వాత వెంట్రుకలు నిగారింపు పోయి బిరుసెక్కాయి, పేడ పలచబడింది. కొన్నాళ్లకు దవడ కింద సంచిలా నీరు దిగింది. జ్వరం లేదు. వాపును తాకితే చల్లగా ఉండేది, బొటనవేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడేది కాదు. మేసి వచ్చిన సాయంత్రం ఎక్కువగా, తెల్లవారేసరికి తక్కువగా కనబడేది. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల పాలిపోయి ఉంది. ఇన్ని గుర్తులు కళ్లెదుట ఉన్నా 'గుడ్లు లేవు' అన్న కాగితాన్ని పట్టుకుని ఊరుకున్నాను. చనిపోయాక కోసి చూస్తే పిత్తనాళాలు సున్నం పేరుకుని గట్టిపడ్డాయి, కత్తికి కరకరమని తగిలాయి. వాటిలోంచి చిన్న ఆకుల్లాంటి జలగలు బయటపడ్డాయి.

పొరపాటు ఎక్కడ జరిగిందో పశువైద్యులు తర్వాత విడమరిచి చెప్పారు. జలగ గుడ్లు బరువైనవి. గుండ్రటి పురుగుల గుడ్ల కోసం ఉప్పునీటిలో తేల్చి చూసే పద్ధతిలో ఇవి సరిగా పైకి రావు. పేడను నీటిలో కలిపి, వడగట్టి, అడుగుకు దిగిన మడ్డిని చూడాలి. అందులో మిథిలిన్ బ్లూ అనే నీలి రంగు చుక్క వేస్తే పేడ నలుసులు నీలంగా మారతాయి, కార్జపు జలగ గుడ్డు మాత్రం బంగారు పసుపు రంగులోనే నిలుస్తుంది. సూక్ష్మదర్శినిలో నాకు చూపించారు, ఒకసారి చూస్తే మరిచిపోలేం. పశువు పొట్టలో ఉండే మరో రకం, పొట్ట జలగ గుడ్డుదీ దాదాపు అదే ఆకారం, కానీ దానికి ఆ పసుపు ఉండదు.

కాలం సంగతి ఇంకా ముఖ్యం. మేతతో లోపలికి వెళ్లిన పిల్ల జలగ కార్జాన్ని తొలుచుకుంటూ పిత్తనాళం చేరి గుడ్లు పెట్టడానికి సుమారు 10 నుంచి 12 వారాలు పడుతుంది, కార్జపు జలగల్లోనే ఫాసియోలా జైగాంటికా అనే రకమైతే ఇంకా ఎక్కువ. ఈలోగా ఎన్నిసార్లు చూసినా గుడ్డు దొరకదు. ఆ తర్వాత కూడా రోజూ ఒకేలా పడవు. అందుకే ఒక్క ఆవు పేడతో సరిపెట్టకుండా, కలిసి మేసే నాలుగైదు పశువుల పేడ ఇవ్వండి, రెండు వారాల తర్వాత మళ్లీ చూపించండి. రక్తంలో ప్రతిరక్షకాలు చూసే ఎలీసా పరీక్ష గుడ్లకంటే ముందే పట్టిస్తుంది. అయితే మందు వేశాక కూడా ఆ ప్రతిరక్షకాలు చాలాకాలం ఉంటాయి, కాబట్టి జబ్బు నయమైందో లేదో దానితో తేల్చలేం.

మీరు చెప్పిన లక్షణాలు జోన్స్ వ్యాధికీ (పేగులకు పట్టే దీర్ఘకాలపు జబ్బు) సరిపోతాయి. దాన్నీ పరీక్షించమని అడగండి. వాపు వేడిగా, నొప్పిగా ఉండి జ్వరం, ఆయాసం ఉంటే అది గొంతువాపు కావచ్చు, అప్పుడు గంట కూడా ఆగకండి.

మందు మీరే కొని పోయవద్దు. ఆక్సీక్లోజనైడ్ ఎదిగిన జలగల మీదే బాగా పనిచేస్తుంది, ట్రైక్లాబెండజోల్ పిల్ల జలగలనూ చంపుతుంది. ఆవు చూడితో ఉందా, పాలిస్తోందా అన్నది వైద్యునికి ముందే చెప్పండి. పశువులు మేసే చోట నీరు నిలుస్తుందా, నత్తలు ఉన్నాయా (జలగ పిల్లదశ వాటిలోనే పెరుగుతుంది) అన్నది కూడా చూసి ఇక్కడ రాయండి.