యూరియా పెట్టిన వరికసువు ఎనుములకు మేపొచ్చా?

సందేహం: మాది కర్నూలు పక్కన కేసీ కెనాల్ కింద ఊరు సార్. వరికసువు వామేసినాం, ఎనుములు సగం తిని సగం తొక్కేస్తున్నాయి. యూరియా నీళ్లు చల్లితే పీచంతా చక్కెరయితాదని మా బావమరిది అంటాడు, నిజమేనా? జొన్నచొప్పకు, వేరుశనగ కట్టెకు కూడా చేయొచ్చా?

సలహా: సగం నిజం అన్నా. కసువులో సెల్యులోజ్ అనే పీచు ఉంటాది, అది చక్కెర గొలుసే, కానీ లిగ్నిన్ అనే గట్టి పదార్థం దాన్ని గట్టిగా పట్టుకోనుంటాది కాబట్టి ఎనుము ఎంత నెమరేసినా పెద్దపొట్టలోని సూక్ష్మజీవులకు అందదు. యూరియా నుంచి పుట్టే అమ్మోనియా ఆ పట్టును వదులు చేస్తుంది, అంతే. చక్కెరగా విరగ్గొట్టేది మళ్లీ ఆ సూక్ష్మజీవులే. పానిపట్టులో 2022లో మొదలైన ఇథనాల్ ఫ్యాక్టరీలో కూడా వరిగడ్డి పీచును ముందు వదులు చేసి, తర్వాత ఎంజైములతో చక్కెర తీస్తారు, మనకు ఆ ఎంజైముల ఖర్చు లేదు, ఎనుము పెద్దపొట్టలోని సూక్ష్మజీవులే తయారు చేసుకుంటాయి!

అయితే చల్లి అదే రోజు మేపితే ప్రాణం మీదికొస్తాది, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. క్వింటా కసువుకు 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు, ఒక్క గుళిక కూడా మిగలకుండా కరిగించాల. 45 కిలోల మూట 11 క్వింటాళ్లకు వస్తాది. కింద పట్ట పరిచి కసువు పొరలుగా వేస్తా, ప్రతి పొర మీద సమానంగా చల్లి, బాగా తొక్కి, పైన పట్ట కప్పి అంచులన్నీ మట్టితో మూసేయండి. గాలి దూరితే గ్యాసు పోతాది, బూజూ పడతాది. 21 రోజులు ముట్టుకోవద్దు.

తెరిచినప్పుడు కండ్లు మండే ఘాటుంటే, రంగు ముదురు పసుపుకు తిరిగుంటే పని అయినట్టే. మాంసకృత్తులు కూడా 3-4 శాతం నుంచి 7-8 దాకా పెరుగుతాయి. ఒక పక్క నుంచే తీసి, గంటసేపు ఆరబెట్టి వేయండి, మొదటి వారం మామూలు కసువులో కొంచెం కొంచెం కలిపి అలవాటు చేయండి. బూజు పట్టింది పెంటకుప్పకే. ఆరు నెల్లలోపు దూడలకు వద్దే వద్దు, వాటికి పెద్దపొట్ట ఇంకా తయారు కాదు.

యూరియా కలిపిన డ్రమ్ము దగ్గరికి పశువును రానీయొద్దు. పొరపాటున తాగి వణుకుతా, పొట్ట ఉబ్బి, నురగ కక్కితే వెంటనే డాక్టరును పిలవండి, చల్లటి నీళ్లలో వినెగర్ కలిపి తాగిస్తారు, ఆలస్యమైతే దక్కదు.

జొన్నచొప్పకు బాగానే పనిచేస్తాది, కాకపోతే చాఫ్‌కట్టర్‌లో ముక్కలు కొట్టినాకే. వేరుశనగ కట్టెకు మాత్రం యూరియా దండగ, దాంట్లో మాంసకృత్తులు ముందే ఉన్నాయి, ఆరబెట్టి బూజు పట్టకుండా చూసుకోని అట్లే వేసేయండి.