లింకులో ఉన్న ఎట్ ద రేట్ జోలికి వెళ్లకు

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. పాత మెయిల్స్‌లో లింకులు విరిగిపోయాయని రాత్రి నువ్వు టెన్షన్ పడుతూ చెప్పిందంతా విన్నాను. ఇలాంటివి ఫోన్లో చెప్తే సగం గాల్లో కలిసిపోతాయి, అందుకే రాస్తున్నాను.

మా కొండలెక్కే బృందం పాత మెయిల్స్ అన్నీ ఒకచోట అందరూ చదువుకునేలా పెడతానన్నావు, సంతోషం. ఎవరి అడ్రసూ స్పామ్ వాళ్లకి దొరక్కూడదని @ కనబడిన ప్రతిచోటా 'ఎట్' అని మార్చేశావు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ గుర్తు ఈమెయిల్ కోసం పుట్టింది కాదు తల్లీ. 1971లో రే టామ్లిన్సన్ దాన్ని మెయిల్ అడ్రసులోకి తెచ్చాడు. అంతకుముందు నుంచీ అది కొట్టు బిల్లుల్లో ఉంది. మనవాళ్లు ఇప్పటికీ 'ఎట్ ద రేట్' అనేది అందుకేగా! మా టిఫిన్ ఖర్చుల లెక్కల్లో '12 ప్లేట్లు @ 25' కాస్తా '12 ప్లేట్లు ఎట్ 25' అయితే ఎవరికీ నష్టం లేదు. లింకు అలా కాదు.

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. ఎర్రమట్టి దిబ్బల దగ్గర బండ్లు ఎక్కడ ఆపాలో చెప్పే గూగుల్ మ్యాప్స్ లింకు అది. స్లాష్ దాకా నీలంగా ఉంది, ఆ తర్వాత ఒక ఖాళీ, అక్కణ్ణుంచి అంతా నలుపు. నలుపు మొదలైన చోట ఏముందో చూడు: 'ఎట్', 17తో మొదలయ్యే అంకె, కామా, 83తో మొదలయ్యే అంకె. మన వైజాగ్ అక్షాంశం, రేఖాంశం అవి. ఆ లింకుల్లో వాటి ముందు @ ఉండాలి. @ని మార్చడానికి నువ్వు రాసిన చిన్న ప్రోగ్రాం, అదే నీ స్క్రిప్టు, అక్కడ ఖాళీ పెట్టింది, ఖాళీ దగ్గర లింకు అయిపోయిందనుకుంది పేజీ. పాత మ్యాప్ లింకులు వేరేలా ఉండేవి, అందుకే 2008 నాటివి ఏ దెబ్బా తగలకుండా బతికిపోయాయి.

అన్నిటికంటే ముందు, ఒరిజినల్ ఎంబాక్స్ ఫైలు, అంటే మెయిల్స్ అన్నీ కలిపి దాచిన ఫైలు, ఉందా? ఉంటే దానికి ఇంకో రెండు కాపీలు తీసి, ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టు. నవ్వకు. ఉద్యోగంలో ఉన్నప్పుడు నేనూ ఇదే పని చేశాను. అడ్రసుల్లో సగం అక్షరాలు తీసేసి చుక్కలు పెట్టి, డిస్కులో చోటు కోసమని అసలు ఫైలు చెరిపేశాను. ఆర్నెల్ల తర్వాత ఒకాయన పాత డ్రాయింగ్ లింకు పనిచెయ్యట్లేదన్నాడు. చుక్కల వెనక ఏముందో నాకే తెలీదు. ఆ రోజు సిగ్గుతో భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు. 'ఎట్' అని మార్చినదాన్ని వెనక్కి తేవచ్చు, చుక్కలు పెట్టినదాన్ని తేలేం. దాచే పని ఎప్పుడూ చూపించే కాపీ మీదే చెయ్యాలి.

ఇప్పుడు స్క్రిప్టు సంగతి. ముందు లింకుల్ని పట్టుకుని పక్కన పెట్టు, మిగిలిన రాతలో అడ్రసులు దాచు, తర్వాత లింకుల్ని మళ్లీ వాటి చోట పెట్టు. పని వరుస మారిస్తే చాలు, సగం గొడవ తీరుతుంది. 'గుర్తుకి ఇటు పేరు, అటు డొమైన్ (జీమెయిల్ డాట్ కామ్ లాంటిది) ఉంటేనే మారుస్తాను' అన్నావు కదా, అది మ్యాప్ లింకుని కాపాడుతుంది, ఎందుకంటే అక్కడ @ ముందు ఉన్నది స్లాష్. కానీ మెసేజ్ ఐడీతో చేసిన లింకుని కాపాడదు. ప్రతి మెయిల్‌కీ ఉండే ఆ ఐడీ చూడ్డానికి అచ్చం అడ్రసులాగే ఉంటుంది: ఎడమవైపు అర్థంలేని అక్షరాలు, మధ్యలో @, కుడివైపు డొమైన్. దానికి మెయిల్ పంపితే ఎవరికీ చేరదు. దాన్ని దాచి నువ్వు కాపాడేది ఎవర్నీ లేదు.

లింకులో @ బదులు %40 పెడదామా అని అడిగావు. లింకుల్లో @ని రాసే ఇంకో రూపమే అది. సైటు పేరు అయ్యాక స్లాష్ తర్వాత వచ్చే భాగంలో చాలా సైట్లు రెండిటినీ ఒకటిగానే తీసుకుంటాయి, అయినా ఒక్కో రకం లింకు నొక్కి చూసుకో. సైటు పేరుకి ముందు యూజర్ పేరు, తర్వాత @ వచ్చే లింకులూ ఉంటాయి. అక్కడ మాత్రం మార్చకు, అక్కడ ఆ గుర్తు రెండు భాగాల్ని విడదీసే గోడ. నన్నడిగితే లింకుల్లో ఏదీ ముట్టుకోకపోవడమే మేలు.

ఒక్కటి తప్ప. మెయిల్ కింద 'అన్‌సబ్‌స్క్రైబ్' అని వస్తుందే, ఆ లింకులో కొన్నిసార్లు మనిషి అడ్రసు నిజంగానే ఉంటుంది. అలాంటివి పూర్తిగా తీసెయ్. నొక్కగానే ఒకరికి మెయిల్ రాయడానికి తెరుచుకునే మెయిల్‌టు లింకులూ అంతే. పంపినవాళ్ల వరసలో పేరు ఉంచి అడ్రసు మొత్తం ఎత్తెయ్. '@' బదులు 'ఎట్' అని రాస్తే స్పామ్ బాట్లకి తెలీదనుకోవడం అమాయకత్వం, వాటికి ఆ కిటుకు ఎప్పుడో తెలుసు.

విరిగిన లింకులన్నిటికీ నీ స్క్రిప్టునే తిట్టుకోకు. సమానం గుర్తు దగ్గర తెగి కింది లైనుకి దిగినవి కొన్ని కనబడ్డాయి. అది మెయిల్ ఎన్‌కోడింగ్ జబ్బు, అంటే పంపేటప్పుడు మెయిల్‌ని వేరే రూపంలోకి మార్చే పద్ధతిది. ఆ పద్ధతిలో లైను 76 అక్షరాలు దాటకూడదు, అందుకని చివర సమానం గుర్తు పెట్టి విరుస్తుంది. మెయిల్‌ని ముందు డీకోడ్ చేసి, అంటే మళ్లీ మామూలు రూపానికి తెచ్చి, ఆ తర్వాతే లింకులు వెతుకు.

అసలు ఫైల్లోనే తెగిపోయి ఉన్నవాటికి మనుషుల్నే అడగాలి. జీమెయిల్‌లో మెయిల్ తెరిచి మూడు చుక్కలు నొక్కితే 'ఒరిజినల్ చూపించు' అని వస్తుంది, మెసేజ్ ఐడీతో సహా మొత్తం అందులో ఉంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టాక ఏ రోడ్డు మీద చెట్టు పడిందో, మంచినీళ్ల ట్యాంకర్ ఎక్కడ ఆగుతుందో మేము రాసుకున్న మెయిల్స్ నా ఇన్‌బాక్స్‌లో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆదివారం మధురవాడ నుంచి బయల్దేరేటప్పుడు ల్యాప్‌టాప్, ఛార్జర్ రెండూ తెచ్చుకో. పోయినసారి ఛార్జర్ మర్చిపోయావు.

పెదనాన్న
ఎంవీపీ కాలనీ