దురుద్దేశమా, దురుద్దేశ్యమా?

ప్రశ్న: కోర్టు వార్తల్లో ‘దురుద్దేశ్యంతో సంతకం చేశాడు’ అని చదువుతున్నాను. దురుద్దేశం అనాలా, దురుద్దేశ్యం అనాలా? అదీ మోసమూ ఒకటేనా?
– ఒక పాఠకుడు

జవాబు: దురుద్దేశం అనే రాయండి. ‘దిశ్’ ధాతువుకు చూపడం అని అర్థం. వేలెత్తి చూపే వైపు దిశ. ఇలా చెయ్యమని చూపితే ఆదేశం, దారి చూపితే ఉపదేశం, ఇదీ అని కచ్చితంగా చూపితే నిర్దేశం. మనసు ఒక వైపు చూపడం ఉద్దేశం, అది చూపిన వస్తువు ఉద్దేశ్యం. వ్యాకరణంలో ఉద్దేశ్య విధేయాలని చదువుకున్నాం కదా, ఆ మాట ఇదే. లక్ష్యం అనే అర్థంలో ఉద్దేశ్యం అంటే నేను కొట్టెయ్యను. కానీ చెడు తలంపును చెప్పేటప్పుడు యవొత్తు ఎందుకు? ఒత్తు తగిలిస్తే మాట బరువెక్కుతుందని మన విలేకరుల నమ్మకం కాబోలు. ‘దురుద్ధేశం’ అని రాసేవారైతే మరీ అన్యాయం.

కోర్టులు వెతికేది కూడా మనసు ఎటు చూపిందనే. ఐపీసీ 24వ సెక్షన్ ప్రకారం ఒక పని దురుద్దేశంతో చేశారనాలంటే ఒకరికి అక్రమ లాభం గానీ, ఇంకొకరికి అక్రమ నష్టం గానీ కలిగించాలన్న ఉద్దేశం ఉండాలి. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ అంతే. ఢిల్లీలో ఒక డాక్టరమ్మ 1953లో పసిబిడ్డ అయిన కూతురి పేరున కారు కొని, ఇన్సూరెన్స్ కాగితాల మీద, క్లెయిమ్ రసీదుల మీద ఆ పాప పేరుతో తానే సంతకాలు పెట్టింది. ఫోర్జరీ కేసైంది. కారుకు డబ్బు కట్టింది ఆవిడే. అసలు పేరుతో సంతకం చేసినా కంపెనీ అంతే చెల్లించాలి. 1962లో సుప్రీంకోర్టు తీర్పు రాసిన మన కోకా సుబ్బారావుగారు, సంతకం అబద్ధమే అయినా దానివల్ల ఆవిడకు లాభం, కంపెనీకి నష్టం లేవంటూ ఆవిడను నిర్దోషిగా విడిచిపెట్టారు.

ఇంగ్లండ్‌లో దురుద్దేశం తేల్చడానికి 1982 నుంచి, తన పని నలుగురి దృష్టిలో తప్పని నిందితుడికి తెలుసా అని కూడా అడిగేవారు. 2017లో పేకాట ఆటగాడు ఫిల్ ఐవీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఆ ప్రశ్న అక్కర్లేదంది. అతనికి నిజంగా ఏం తెలుసో, ఏం నమ్మాడో తేల్చాక, ఆ పనిని మామూలు మర్యాదస్తులు ఏమంటారో చూస్తే చాలట.

ఇక మోసం. సుబ్బారావుగారి తీర్పు ప్రకారం అందులో అబద్ధంతోపాటు హాని కూడా ఉండాలి. ఆ హాని డబ్బుకే కానక్కర్లేదు, ఒంటికో పరువుకో కూడా కావచ్చు. కాబట్టి రెండూ ఒకటి కావు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు దేన్ని మోసమన్నా నాకు అభ్యంతరం లేదు. వార్తలో రాస్తే మాత్రం, ఎవరికి ఏ హాని జరిగిందో అదే వాక్యంలో చెప్పాలని నేనంటాను.