మోకాళ్లు టకటకమంటే గుజ్జు అరిగినట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 46 ఏళ్లు. చిక్కడపల్లిలో మూడో అంతస్తులో ఉంటాం, లిఫ్టు లేదు. మెట్లెక్కుతుంటే మోకాళ్లు టకటకమంటున్నాయి. నొప్పి, వాపు లేవు. ‘గుజ్జు అరిగిపోయింది, ఇక నడవకు’ అంటున్నారు మా అత్తగారు. ఇందిరా పార్కులో వాకింగ్ మానేశాను. మా అబ్బాయి పొద్దస్తమానం మెటికలు విరుస్తుంటాడు. వాడి కీళ్లూ అరిగిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు రేపటి నుంచి మళ్లీ పార్కుకు బయల్దేరండమ్మా. నొప్పి, వాపు లేని ఒట్టి చప్పుడుకు మందూ అక్కర్లేదు, స్కానింగూ అక్కర్లేదు.

కుర్చీలో కూర్చుని, అరచెయ్యి మోకాలి చిప్ప మీద ఆనించి, కాలు మెల్లగా చాపి మడవండి. చిప్ప పైకీ కిందికీ జారడం తెలుస్తుంది. అది జారడానికి తొడ ఎముక కొసన ఒక గాడి ఉంటుంది. గరగర చాలావరకు అక్కడిదే.

మెటికల చప్పుడు వేరు. కీలు చుట్టూ సంచి లాంటి పొర, లోపల జిగట ద్రవం ఉంటాయి. వేలు లాగగానే లోపల ఒత్తిడి పడిపోయి ద్రవంలో గ్యాస్ బుడగ పుడుతుంది. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో దీన్ని ఎమ్మారైలో చూశారు. ఆ గ్యాస్ తిరిగి ద్రవంలో కరగాలి, అందుకే ఒకసారి విరిచిన మెటిక వెంటనే మళ్లీ మోగదు. డొనాల్డ్ అంగర్ అనే అమెరికా డాక్టరు 50 ఏళ్ల పాటు ఎడమచేతి మెటికలే విరిచి, రెండు చేతుల్లోనూ కీళ్లవ్యాధి లేదని 1998లో రాశారు. ఒక్క మనిషి అనుభవం రుజువు కాదు గానీ, దిష్టి తీసి మెటికలు విరిచే బామ్మలను తప్పుపట్టడానికైతే నాకు కారణం కనిపించదు. అబ్బాయిని వదిలేయండి.

నడవకు అన్న సలహాతోనే నా పేచీ. ఎముకల కొసల మీద నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది, అందరూ గుజ్జు అనేది దీన్నే. మందం కొన్ని మిల్లీమీటర్లే. దానికి రక్తనాళాలు లేవు. మరి తిండి ఎలా? అడుగు మోపినప్పుడు స్పాంజిలా నొక్కుకుంటుంది, ఎత్తినప్పుడు ద్రవాన్ని పీల్చుకుంటుంది. పోషకాలు ఆ ద్రవంలోనే ఉంటాయి. కదలకుండా కూర్చోబెడితే దానికి తిండి తగ్గించినట్టే. నరాలు కూడా లేవు కాబట్టి ఆ పొరకు నొప్పి తెలియదు. నొప్పి కింది ఎముక నుంచో కీలు చుట్టూ ఉన్న సంచి లాంటి పొర నుంచో వస్తుంది.

మెట్ల మీద మోకాలిపై ఒంటి బరువుకు కొన్ని రెట్లు భారం పడే మాట నిజమే. దాన్ని కాచుకునేది తొడ ముందు కండరం. కుర్చీలో కూర్చుని ఒక్కో కాలూ నిటారుగా చాపి, తొడ బిగించి, పది అంకెలు లెక్కపెట్టి దించండి. రోజూ రెండు పూటలా పది పదిసార్లు చాలు. టీవీ చూస్తూ చేసినా ఫరవాలేదు.

మోకాలు వాచినా, వేడెక్కినా, మడత మధ్యలో పట్టేసినా, మెట్ల మీద పట్టు తప్పుతున్నా ఎముకల డాక్టరుకు చూపించుకోండి. పొద్దున్నే కీళ్లు అరగంటకు మించి బిగుసుకుపోతుంటే అది కీళ్లవాతం కావచ్చు, దానికి రుమటాలజిస్టు ఉంటారు. గుజ్జు పెంచే మాత్రలంటూ ఎవరైనా అంటగడితే మాత్రం కొనకండి. అరిగిన పొరను అవి తిరిగి పెంచుతాయని రుజువు కాలేదు.