కొత్త ఉద్యోగానికి ముందు జపాన్ ప్రయాణం: వీసా దరఖాస్తులో ఏమి రాయాలి? చేరే తేదీ దాటితే ఏమవుతుంది?

ప్రశ్న: నేను హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. నా రాజీనామాను ఆమోదించారు. 2026 జూన్ 12 నా చివరి పనిదినం. జూన్ 29న మరో సంస్థలో చేరాలి. ఈలోగా జూన్ 15 నుంచి 24 వరకు ఒంటరిగా టోక్యో, క్యోటో చూసి రావాలని ఉంది. అక్కడ అది వానాకాలమని తెలుసు గాని నాకు దొరికిన తీరిక ఇదే. "ఉద్యోగం మానేశానని రాస్తే వీసా రాదు, పాత కంపెనీ పేరే రాసి, సెలవు మీద వెళ్తున్నట్టు లేఖ జతచెయ్యి" అని స్నేహితులు అంటున్నారు. అలా చేయవచ్చా? వానలకు విమానం రద్దయి 29వ తేదీకి చేరలేకపోతే కొత్త సంస్థ ఆఫర్‌ను రద్దు చేయగలదా? (ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి)

సమాధానం: మీ రెండు సందేహాల్లో మొదటిది మిమ్మల్ని ఎక్కువ భయపెడుతున్నట్టుంది గాని, సులువుగా తేలిపోయేది అదే. అసలు చిక్కు రెండవదానిలో ఉంది.

వీసా దరఖాస్తులో మీ ప్రస్తుత వృత్తి, యజమాని పేరు, చిరునామా అడుగుతారు. దరఖాస్తు మీద సంతకం చేసే రోజుకు ఏది నిజమో అదే రాయాలి. జూన్ 12లోపు దరఖాస్తు పెడితే ఆనాటికి మీరు పాత సంస్థ ఉద్యోగియే కాబట్టి, ఆ పేరు రాయడంలో అబద్ధమేమీ లేదు. అబద్ధం మొదలయ్యేది, సెలవు మీద వెళ్తున్నానని, తిరిగి వచ్చి ఇదే ఉద్యోగంలో కొనసాగుతానని చెప్పే లేఖ దగ్గర. అటువంటి లేఖను సంస్థ అనుమతి లేకుండా లెటర్‌హెడ్ మీద ఎవరైనా తయారుచేసి ఇస్తే అది భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కిందికి వచ్చే ఫోర్జరీ వ్యవహారం అవుతుంది. రాజీనామాకు ముందెప్పుడో సంస్థే నిజంగా ఇచ్చిన లేఖ అయినా, ఇప్పుడు దాన్ని జతచేస్తే కాగితం అసలుదే గాని అది చెప్పే కథ అబద్ధం. జపాన్ వీసా తిరస్కరించినప్పుడు నిర్దిష్ట కారణం చెప్పరు. అదే ప్రయోజనం కోసం ఆరు నెలలపాటు మళ్ళీ దరఖాస్తు కూడా తీసుకోరు. మీకున్న తీరిక 16 రోజులే అన్న సంగతి గుర్తుంచుకోండి.

వీసా అధికారి చూసేది, మీరు ఖర్చు భరించగలరా, గడువులోపు తిరిగి వస్తారా అన్నది. తిరిగి వస్తారనడానికి మీ చేతిలో ఉన్న కొత్త ఆఫర్‌ను మించిన సాక్ష్యం లేదు. దాన్ని దాచిపెట్టి, నెల తిరగకముందే ముగిసిపోయే ఉద్యోగాన్ని చూపించమనే సలహా మీ స్నేహితులకు ఎలా తోచిందో నాకు అర్థం కాదు. కవరింగ్ లేఖలో, ఫలానా సంస్థలో నా చివరి పనిదినం జూన్ 12 అని, జూన్ 29న ఫలానా సంస్థలో చేరుతున్నానని, ఈ విరామంలో పర్యటనకు మాత్రమే వెళ్తున్నానని మూడు వాక్యాలు రాసి, రాజీనామా ఆమోద పత్రాన్ని, ఆదాయపు పన్ను రిటర్నును, బ్యాంకు స్టేట్‌మెంటును జతచేయండి. ఆఫర్ లేఖలో గోప్యత నిబంధన ఉండటం మామూలే కనుక, జీతం వివరాలున్న ఆ లేఖను యథాతథంగా ఇవ్వకుండా, చేరే తేదీని ధ్రువీకరిస్తూ ఒక చిన్న లేఖ ఇవ్వమని కొత్త సంస్థ హెచ్‌ఆర్‌ను అడగండి.

మన దేశంలో నివసించేవారికి పర్యటన వీసాను 2024 ఏప్రిల్ నుంచి ఇ-వీసాగా ఇస్తున్నారు. దాన్ని విమానాశ్రయంలో మీ ఫోనులో ఇంటర్నెట్ ద్వారా అప్పటికప్పుడు తెరిచి చూపించాలి. స్క్రీన్‌షాట్, పీడీఎఫ్, ముద్రించిన కాగితం చెల్లవు.

ఇక రెండవ సందేహం. మీరు సంతకం చేసి తిరిగి పంపిన ఆఫర్ లేఖ ఒక ఒప్పందం. అందులో చేరే తేదీ గురించి ఏ మాటలు వాడారో మళ్ళీ ఒకసారి చదవండి. "ఈ తేదీలోపు చేరని పక్షంలో ఈ ఆఫర్ దానంతటదే రద్దవుతుంది" అన్న వాక్యం ఉంటే, కాలమే ఆ ఒప్పందానికి ప్రాణమని ఉభయులూ అంగీకరించినట్టు లెక్క. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 55వ సెక్షన్ ప్రకారం గడువు దాటినప్పుడు ఒప్పందాన్ని వదులుకునే హక్కు అవతలి పక్షానికి వస్తుంది. తుపాను వల్ల విమానం రద్దయింది కదా, అది నా తప్పు కాదు కదా అని 56వ సెక్షన్‌ను ఆశ్రయించడం కుదరదు. ఆ సెక్షన్ ఒప్పంద పాలన అసాధ్యమైపోయిన సందర్భాలకు వర్తిస్తుందే గాని, స్వంత సరదా కోసం చేసిన ప్రయాణంలో రెండు రోజులు ఆలస్యం కావడం అసాధ్యత కాదు.

అటువంటి వాక్యం లేకపోతే, కొద్దిపాటి ఆలస్యానికే రద్దు చేయడం ఒప్పంద ఉల్లంఘన అని వాదించి, 73వ సెక్షన్ కింద నష్టపరిహారం కోరవచ్చు. కోరవచ్చు అన్నాను గాని కోరమని అనడం లేదు. ప్రైవేటు ఉద్యోగాన్ని ఇచ్చి తీరాలని యజమానిని ఆదేశించడానికి నిర్దిష్ట పరిహార చట్టం (స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్) 14వ సెక్షన్ అడ్డు వస్తుంది. నోటీసు ఇచ్చి తొలగించే హక్కు యజమానికి ఉన్నచోట, నష్టపరిహారం కూడా సాధారణంగా నోటీసు కాలపు జీతాన్ని మించదు. ఆ కొంచెం కోసం ఏళ్ళ తరబడి సివిల్ కోర్టు చుట్టూ తిరిగిన కక్షిదారులను నేను చూశాను.

అంతకన్నా తేలికైన ఉపాయం అదే చట్టంలో 63వ సెక్షన్‌లో ఉంది. గడువు ఎవరి మేలు కోసం పెట్టారో వారు దాన్ని పొడిగించవచ్చు. అందువల్ల టికెట్టు కొనకముందే హెచ్‌ఆర్‌కు ఒక ఈమెయిల్ పంపండి: జూన్ 24న తిరిగి వస్తున్నాను, విమాన సర్వీసులకు అంతరాయం కలిగితే జూలై 3 వరకు చేరడానికి అనుమతి ఇవ్వండి అని. సరేనని జవాబు వస్తే అది చెల్లుబాటయ్యే పొడిగింపే. ఎలక్ట్రానిక్ ఒప్పందాలను సమాచార సాంకేతిక చట్టం 10ఏ సెక్షన్ గుర్తిస్తుంది. ఫోనులో "ఫర్వాలేదండీ, చూద్దాం" అన్న మాట మీద మాత్రం ఆధారపడకండి. ఆ మాట అన్నవారే ఈలోగా మరో సంస్థకు మారిపోవచ్చు.

టికెట్టు విషయంలో, రానూపోనూ ప్రయాణాలన్నీ ఒకే బుకింగ్ కింద తీసుకోండి. మధ్యలో విమానం మారే చోట వేరువేరు టికెట్లుంటే, మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పిపోయినప్పుడు రెండవ విమాన సంస్థకు ఏ బాధ్యతా ఉండదు. భారత్, జపాన్ రెండూ చేరిన మాంట్రియల్ ఒడంబడిక ప్రకారం ఆలస్యానికి విమాన సంస్థ బాధ్యత వహించాలి గాని, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని నిరూపించుకుంటే తప్పించుకుంటుంది. కాబట్టి తుపాను రద్దుకు టికెట్టు సొమ్మో మరో విమానమో దక్కుతుంది గాని నష్టపరిహారం ఆశించవద్దు. టోక్యో ప్రాంతంలో త్సుయు అనే ఈ వానాకాలం సగటున జూన్ 7 ప్రాంతంలో మొదలై జూలై 19 వరకు ఉంటుంది. వర్షం పరిమితి దాటితే షింకాన్‌సెన్ (బుల్లెట్) రైళ్ళను కూడా ఆపేస్తారు. తిరుగు విమానం టోక్యో నుంచి అయితే ముందురోజు రాత్రి క్యోటోలో ఉండకండి. ఆలస్యం జరిగితే స్టేషన్‌లో అడిగి ఆలస్య ధ్రువపత్రం తీసుకోండి. చియెన్ షోమెయిషో అనే ఆ చిన్న చీటీ అవసరమైతే మీ కొత్త సంస్థకు చూపించడానికి పనికివస్తుంది.

బయలుదేరేలోపే పాత సంస్థకు లాప్‌టాప్ అప్పగించి రిలీవింగ్ లేఖ సంగతి తేల్చుకోండి. వేతనాల కోడ్ 17వ సెక్షన్ ప్రకారం రాజీనామా చేసినవారికి రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. సంస్థ ఇచ్చిన గ్రూపు ఆరోగ్య బీమా సాధారణంగా చివరి పనిదినంతోనే ముగిసిపోతుంది కాబట్టి ప్రయాణ బీమా తప్పనిసరిగా తీసుకోండి. జపాన్‌లో ఉండగా కొత్త సంస్థ పంపే పత్రాల మీద సంతకం చేయడం పని కిందికి రాదు. కానీ జీతం లెక్కలోకి వచ్చే పనిని హోటల్ గదిలో కూర్చుని చేయడానికి పర్యాటకులకిచ్చే స్వల్పకాలిక హోదా ఒప్పుకోదు.

మీరు అడగకపోయినా అక్కడి చట్టాల గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే మీ చేరే తేదీకి విమానం కన్నా పెద్ద ప్రమాదం అరెస్టు. జపాన్‌లో అభియోగం మోపకముందే ఒక మనిషిని 23 రోజుల వరకు నిర్బంధంలో ఉంచవచ్చు: పోలీసుల దగ్గర 48 గంటలు, ప్రాసిక్యూటర్ దగ్గర 24 గంటలు, ఆపై న్యాయమూర్తి అనుమతితో పదేసి రోజులు రెండుసార్లు. వానాకాలంలో ప్రతి దుకాణం గుమ్మం దగ్గరా గొడుగుల స్టాండు ఉంటుంది. అందులో సగం ఒకేలా కనిపించే పారదర్శక ప్లాస్టిక్ గొడుగులు. మీది ఎవరో పట్టుకుపోయారని పక్కది తీసుకుంటే అది దొంగతనం, శిక్షాస్మృతి 235వ సెక్షన్ కింద పదేళ్ళ వరకు ఖైదు పడగల నేరం. ఒక్క గొడుగుకు అంతదూరం పోకపోవచ్చు గాని, పోలీసు స్టేషన్‌లో గడిపే పూట కూడా మీకు ఖరీదైనదే. పిడికి ఒక రంగు రిబ్బను కట్టుకోండి. అద్దె సైకిలు తొక్కుతూ గొడుగు పట్టుకోవడమూ నిషిద్ధమే. 2026 ఏప్రిల్ నుంచి దానికి 5,000 యెన్‌లు, ఫోను చేతిలో పట్టుకుని తొక్కితే 12,000 యెన్‌లు చలానా.

ఇంటి నుంచి పట్టుకెళ్ళే మూటలో కోడి పచ్చడి, రొయ్యల పచ్చడి సీసాలు సర్దే అలవాటు మనవారికి ఉంది. తనిఖీ ధ్రువపత్రం లేని మాంసపు ఉత్పత్తులను జపాన్‌లోకి తీసుకువెళ్ళడం నేరం, మూడేళ్ళ వరకు ఖైదు లేదా 30 లక్షల యెన్‌ల వరకు జరిమానా. కోడి పచ్చడి ఇంట్లోనే ఉంచండి. తాజా కరివేపాకు, పండ్లు కూడా వద్దు; మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా వాటిని ఒప్పుకోరు. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించినా, దగ్గు మందులో కోడీన్ 1 శాతం మించినా ముందస్తు అనుమతి లేకుండా వాటిని తీసుకువెళ్ళకూడదు. డాక్టరు రాసిన మందులు ఒక నెలకు సరిపడా మాత్రమే, చీటీతో సహా ఉంచుకోండి.

పాస్‌పోర్టు ఎల్లవేళలా మీ వెంటే ఉండాలి; జిరాక్సు సరిపోదు, లేకపోతే లక్ష యెన్‌ల వరకు జరిమానా పడవచ్చు. వానలో తడిసి ముద్దయిన పాస్‌పోర్టును తిరుగు ప్రయాణంలో ఒప్పుకోకపోతే మన రాయబార కార్యాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది కనుక, దాన్ని జిప్పున్న ప్లాస్టిక్ కవరులో పెట్టి బ్యాగు లోపలి అరలో ఉంచుకోండి.