గ్రంథాలయ ఆర్డరును లెక్కలో వేసుకోకు

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన ఖర్చుల అంచనా కాగితమూ చదివాను. గుంటూరులో ఉద్యోగం చేసుకుంటూనే ప్రచురణ సంస్థ పెట్టాలనుకోవడం నాకు సంతోషమే. వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. అయితే వెయ్యి ప్రతులలో నాలుగు వందలు గ్రంథాలయాలే కొంటాయని నువ్వు రాసిన వరుస దగ్గర ఆగిపోయాను. ముందు ఆ వరుస కొట్టివేసి, మిగిలిన లెక్క తన కాళ్లమీద తాను నిలబడుతుందో లేదో చూడు.

బ్రిటన్‌లోని వేల్స్‌లో ప్రభుత్వ నిధుల కోత వల్ల ప్రచురణ దెబ్బతిన్న సంగతి చదివి, కోట్ల మంది మాట్లాడే తెలుగుకు ఆ భయం లేదని రాశావు. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 8.11 కోట్లు, 2021 లెక్కల ప్రకారం వేల్స్ జనాభా 31 లక్షలు, అందులో అక్కడి భాష వెల్ష్ మాట్లాడేవారు 5.38 లక్షలు. తలలు లెక్కపెడితే మనం పెద్దవాళ్లమే. కానీ ఒక మంచి కథల సంపుటిని మనం వేసేది ఐదు వందలు, మహా అయితే వెయ్యి ప్రతులు కాబట్టి, ప్రతుల లెక్కన మనదీ చిన్న దేశమే. పైగా ఆ చిన్న దేశాలకు ఉన్న ఆసరా మనకు లేదు. వేల్స్‌లో 1961 నుంచి పుస్తకాల కోసమే ఒక మండలి ఉంది. నార్వేలో 1965 నుంచి ప్రభుత్వమే గ్రంథాలయాలకు కొత్త సాహిత్యాన్ని కొని పంపుతోంది. నాలుగు లక్షల జనాభా కూడా లేని ఐస్‌లాండ్‌లో, సొంత భాషలో వేసిన పుస్తకం ఖర్చులో 25 శాతం ప్రచురణకర్తకు తిరిగి ఇవ్వాలన్న చట్టం 2019 నుంచి అమలులో ఉంది.

అంత ఆసరా ఉన్నచోట కూడా చెయ్యి వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో చూడు. 2024–25లో, కళలకు ప్రభుత్వ డబ్బు పంచే ఆర్ట్స్ కౌన్సిల్ ఆఫ్ వేల్స్‌కు ఇచ్చే డబ్బులో 10.5 శాతం కోత పడింది. 1970లో మొదలైన ‘ప్లానెట్’ అనే పత్రిక, పుస్తక మండలి గ్రాంటు పోవడంతో, 2024లో ఆగిపోయింది. నూటికి పది కోస్తే పనీ పదే తగ్గుతుందని పైవాళ్లు అనుకుంటారు. జీతాలనూ అద్దెలనూ ఎవరూ కోయలేరు గనుక ఆ పదీ వచ్చి కొత్త రచయిత తొలి పుస్తకం మీద, అనువాదాల మీద, కవిత్వం మీద పడుతుంది.

మన దగ్గర కోత చప్పుడు చేయదు. 1957లో పెట్టిన రాష్ట్ర సాహిత్య అకాడమీని 1983లో రద్దు చేసినప్పుడు అందరికీ తెలిసింది, వాదోపవాదాలూ జరిగాయి. గ్రంథాలయాలకు పుస్తకాల కొనుగోలు ఒక సంవత్సరం జరగకపోతే మాత్రం ఎవరికీ తెలియదు. బిల్లు పట్టుకుని తిరిగే నాబోటి ప్రచురణకర్తకు తప్ప.

నా సంగతే చెబుతాను. ఒకసారి నా మూడు పుస్తకాలు గ్రంథాలయాల ఎంపిక జాబితాలో ఉన్నాయని తెలిసి, ఆర్డరు కాగితం చేతికి రాకముందే ఒక్కొక్కటి ఐదు వందలు ఎక్కువ వేయించాను. చివరికి గ్రంథాలయాలకని అడిగింది అందులో మూడో వంతు. ఆ డబ్బు రావడానికి రెండేళ్లు పట్టింది. ఈలోగా కాగితం కొట్టు బాకీకి నెల నెలా వడ్డీ కట్టాను. మిగిలిన కట్టలు సింగ్‌నగర్‌లోని గోడౌనులో ఏళ్ల తరబడి పడి ఉండి, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లలో నానిపోయాయి. కట్ట విప్పితే పుస్తకాలు ఒకదానికొకటి అంటుకుని ఇటుకల్లా వచ్చాయి. తప్పు ఆ కొనుగోలు ఆఫీసుది కొంత, నా తొందరపాటుది ఎక్కువ.

ఇక నీ లెక్క. 160 పేజీల డెమ్మీ సైజు పుస్తకం, ఫారానికి పదహారు పేజీల లెక్కన, పది ఫారాలు. వెయ్యి ప్రతులకు ఫారానికి రెండు రీముల (రీము అంటే ఐదు వందల కాగితాలు) చొప్పున, తరుగు కాక, ఇరవై రీములు. ప్రతికి 70 రూపాయలు పడుతుందని రాశావు, అంటే 70 వేలు. వెల 200లో అమ్మకందారు కమీషన్ 40 శాతం, రచయిత రాయల్టీ 10 శాతం పోగా నీ చేతికి వచ్చేది 100. ఆరు వందలు అమ్మితే 60 వేలు వస్తాయి, అదీ రెండు మూడేళ్లకు. గ్రంథాలయ వరుస కొట్టేస్తే పది వేలు నష్టం. అదే డిజిటల్ ప్రింటులో మూడు వందలు, ప్రతి 95 చొప్పున వేయిస్తే ఖర్చు 28,500, రాబడి 30 వేలు. మిగిలేది పదిహేను వందలే అయినా గోడౌను అద్దె ఉండదు, కావాలన్నప్పుడు మరో వంద వేయించుకోవచ్చు. పుస్తకం మీద జీఎస్టీ లేదు కదా అని సంతోషించకు. ఆ కారణం చేతనే కాగితం మీద మనం కట్టిన పన్ను తిరిగి రాదు.

అలాగని ప్రభుత్వ కొనుగోలును వదులుకోమనడం లేదు. దరఖాస్తు ప్రతిసారీ పెట్టు; వస్తే రెండో ముద్రణ వేసుకో. ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. 1960 నాటి చట్టం ప్రకారం వసూలయ్యే ఆ డబ్బు గ్రంథాలయాలకే చేరాలి. 1914లో ఇదే బెజవాడలో సభ పెట్టి గ్రంథాలయోద్యమాన్ని నిలబెట్టినవాళ్ల కష్టం దాని వెనుక ఉంది. కాబట్టి దాన్ని చేతులు కట్టుకుని అడగనక్కరలేదు. ఏటా ఎంత వసూలైంది, ఎంత జమ అయింది, పుస్తకాలకు ఎంత ఖర్చు పెట్టారు అన్న మూడు ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. ఒక్కదానివి కాకుండా, నీలాంటి చిన్న ప్రచురణకర్తలు నలుగురిని కలుపుకుని పెట్టు. నీ వయసులో నేను చేయని పని ఇది.

మరొక్క సంగతి. పుస్తకాల చౌక టపాను 2024 డిసెంబరులో హఠాత్తుగా ఆపేశారు. అదీ కోతే, బడ్జెట్‌లో మాత్రం కనిపించదు. 2025 మే 1 నుంచి దాని బదులు జ్ఞాన్ పోస్ట్ వచ్చింది: పన్ను కాక, 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100. నీ 160 పేజీల పుస్తకం, చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే 70 జీఎస్‌ఎం కాగితం మీద, ప్యాకింగుతో కలిపినా 300 గ్రాములలోపే తూగుతుంది. రెండో పుస్తకం 250 పేజీలన్నావు, అది దాటవచ్చు. ముఖచిత్రంతో సహా ఒక డమ్మీ, అంటే ఖాళీ కాగితాల నమూనా పుస్తకం, కట్టించి, కిరాణా కొట్టు త్రాసులో పెట్టి చూశాకే పేజీలు ఖాయం చెయ్యి. అంచనా తిరగరాసుకుని ఆదివారం రా. అత్తయ్య భోజనానికి ఉండమంటోంది.

మీ మావయ్య